అద్దె పడవలో ఇద్రా దీవికి: కష్టమంతా చివరి యాభై మీటర్లలోనే

ఏథెన్సు శివారులోని అలిమోస్ మెరీనా నుంచి ఇద్రా దీవికి సముద్రం మీద సుమారు 37 నాటికల్ మైళ్లు, అంటే 70 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఏథెన్సు ఓడరేవు పిరియస్‌లో వేగంగా పోయే ఫెర్రీ ఎక్కితే రెండు గంటల లోపే దింపేస్తుంది. పన్నెండు మీటర్ల తెరచాప పడవ ఐదు నాట్ల (గంటకి ఐదు నాటికల్ మైళ్ల) వేగంతో పోతే ఏడు గంటల పైనే. అందుకే వారం రోజుల అద్దె పడవవాళ్లు ఈ దూరాన్ని ముక్కలు చేసుకుంటారు: మొదట ఎయినా దీవి, తర్వాత పోరోస్ దీవి, ఆ తర్వాత ఇద్రా.

ఇంగ్లిష్ పటాల్లో ఈ దీవి పేరు హైడ్రా అని ఉంటుంది. హైదరాబాదు వాళ్లకి వెంటనే గుర్తొచ్చే హైడ్రాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడ బుల్డోజర్ మాట అటుంచి ఆటో కూడా కనపడదు. చెత్త బండిలాంటి కొన్ని తప్పనిసరి సేవల వాహనాలు తప్ప మోటారు బళ్లకి అనుమతి లేదు. సామాను కంచరగాడిదలూ గాడిదలూ మోస్తాయి.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా భయపడేది అలలకి. ఈ దీవులున్న సారోనిక్ గల్ఫ్‌లో అలలు పెట్టే ఇబ్బంది నిజానికి తక్కువే. పడవ దెబ్బతినేదీ, సెలవు పాడయ్యేదీ, డిపాజిట్ డబ్బు పోయేదీ గట్టుకి యాభై మీటర్ల దూరంలో, పడవని కట్టేటప్పుడు. రెండో చిక్కు తిరుగు ప్రయాణం. వెళ్లేటప్పుడు వెనక నుంచి తోసిన గాలే వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. ఈ రెండూ అర్థమైతే మిగతాదంతా కాగితాల పనీ, డబ్బుల లెక్కా.

ఆ కాగితాలూ, లెక్కలూ

పడవ నాలుగు రకాలుగా దొరుకుతుంది. మొత్తం పడవ తీసుకుని మనమే నడుపుకోవడాన్ని బేర్‌బోట్ అంటారు. అదే పడవకి ఒక స్కిప్పర్‌ని, అంటే పడవ నడిపే మనిషిని, పెట్టుకోవడం రెండోది. పది పన్నెండు పడవలు కలిసి వెళ్తూ, ముందు ఒక నాయక పడవలో స్కిప్పరూ మెకానిక్కూ ఉండేది ఫ్లోటిలా. ఒక గది మాత్రం కొనుక్కుని, ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి వెళ్లేది క్యాబిన్ చార్టర్. ఇద్దరే వెళ్తుంటే చివరిది చవక. ఆరుగురుంటే స్కిప్పర్‌తో మొత్తం పడవ తీసుకోవడం మేలు. సర్టిఫికెట్ ఉండి అనుభవం తక్కువైనవాళ్లకి ఫ్లోటిలాకి మించినది లేదు. ప్రతి సాయంత్రం గట్టు మీద నిలబడి మన తాళ్లు అందుకునే మనిషి ముందే అక్కడికి చేరి ఉంటాడు.

బేర్‌బోట్‌కి గ్రీసులో ఇద్దరు మనుషులు చూపించాలి. ఒకరి దగ్గర ఐసీసీ (పడవ నడిపే అర్హతకి అంతర్జాతీయ పత్రం) గానీ, బ్రిటన్ పడవల సంఘం ఆర్‌వైఏ ఇచ్చే డే స్కిప్పర్ లాంటి గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ గానీ ఉండాలి. రెండోవారికి పడవ పని తెలిసి ఉండాలి. డబ్బు కట్టాక రేవు దగ్గర వాదించుకోవడం కన్నా, బుకింగ్‌కి ముందే సర్టిఫికెట్ స్కాన్ కంపెనీకి పంపి, చెల్లుతుందని రాతలో తెప్పించుకోవడం మంచిది. హుస్సేన్‌సాగర్‌లో డింగీలు (చిన్న తెరచాప పడవలు) నడిపి తెరచాప పట్టు బాగా తెలిసినవాళ్లు కూడా ఇక్కడ ఒక సంగతి గమనించాలి. డింగీకి ఇంజనూ లేదు, లంగరు గొలుసూ లేదు. ఇద్రాలో పడే పరీక్ష సరిగ్గా ఆ రెండింటిలోనే. భారత పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా కావాలి. సారోనిక్ దారంతా గ్రీసు జలాల్లోనే కాబట్టి దీవులు తిరగడానికి సింగిల్ ఎంట్రీ సరిపోతుంది.

ఖర్చు ఎలా పెరుగుతుందో ఒక ఉదాహరణ. ఆరుగురికి నాలుగు గదుల పడవ, వారానికి 4,500 యూరోలు అనుకుందాం. స్కిప్పర్‌కి రోజుకి సుమారు 200 చొప్పున ఏడు రోజులకి 1,400. డీజిల్ 200, చివర శుభ్రం చేసినందుకు 250, రేవుల రుసుములూ నీళ్లూ కరెంటూ కలిపి 150. మొత్తం 6,500, మనిషికి 1,100కి దగ్గర. తిండీ విమానమూ ఇందులో లేవు. స్కిప్పర్ భోజనం మన బాధ్యతే. అతనికి ఒక గది కూడా ఇవ్వాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. మూడు గదుల పడవలో స్కిప్పర్ ఉంటే మిగిలేది రెండు గదులే. దీని పైన డిపాజిట్ ఉంటుంది. నలభై అడుగుల పడవకి రెండు నుంచి నాలుగు వేల యూరోలు కార్డు మీద ఆపి ఉంచుతారు. కొంత రుసుము కట్టి ఆ మొత్తాన్ని తగ్గించుకునే వీలు చాలా కంపెనీల్లో ఉంది. స్కిప్పర్ లేకుండా వెళ్తుంటే ఆ రుసుము కట్టేయండి.

గాలి లెక్క

ఏజియన్ సముద్రంలో జులై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి వీచే గాలి మెల్టెమి. దీనికీ మన వానలకీ చుట్టరికం ఉంది. వేసవిలో దక్షిణాసియా మీద ఏర్పడే అల్పపీడనం ఇరాన్ మీదుగా టర్కీ దాకా సాగుతుంది. అదే సమయంలో బాల్కన్ల మీద అధిక పీడనం ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువయ్యేకొద్దీ ఏజియన్ మీద గాలి బిగుస్తుంది. మనకి నైరుతి రుతుపవనాల్ని లాక్కొచ్చే ఏర్పాటు కొసే అక్కడ మెల్టెమి అయి వీస్తుంది.

చిక్కేమిటంటే అది మబ్బు లేని ఆకాశంలో వస్తుంది. మన తీరంలో గాలివానకి ముందు కమ్ముకునే మబ్బులాంటి హెచ్చరిక ఏదీ ఉండదు. మొదలైతే మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ నడుస్తుంది. మీకొనోస్, పారోస్ ఉన్న సైక్లడీస్ దీవుల్లో ఇది గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలు మీద 6, 7కి చేరడం మామూలే. గ్రీసులో వాతావరణ సూచనలు నాట్లలో కాక బోఫోర్ట్‌లోనే చెబుతారు కాబట్టి నాలుగు అంకెలు గుర్తుంచుకోవాలి: 4 అంటే 11 నుంచి 16 నాట్లు, 5 అంటే 17 నుంచి 21, 6 అంటే 22 నుంచి 27, 7 అంటే 28 నుంచి 33. నాలుగులో ప్రయాణం హాయి. ఐదులో తెరచాప కొంత చుట్టాలి. ఆరు అంటే మొదటిసారి వచ్చినవాళ్లు రేవులోనే ఉండిపోవాలి. ఆరు దాటితే బయలుదేరకూడదని చాలా అద్దె ఒప్పందాల్లోనే రాసి ఉంటుంది.

సారోనిక్‌కి ఉత్తరాన ఏథెన్సు ఉన్న అటికా భూభాగం అడ్డుగా ఉంటుంది. అందుకే ఇక్కడ మెల్టెమి బలం తగ్గుతుంది. చాలా రోజులు మధ్యాహ్నం దక్షిణం వైపు నుంచి సముద్రపు గాలి కూడా వీస్తుంది. మొదటి వారానికి సైక్లడీస్ కాక సారోనిక్ ఎంచుకోమనేది ఇందుకే. ఫోటోల్లో సైక్లడీస్‌లోని సాంతోరినీ చూసి మనసు పారేసుకున్నవాళ్లకి ఇది రుచించదు గానీ, ఆగస్టులో వారం రోజుల అద్దె పడవలో సాంతోరినీ వెళ్లి సమయానికి తిరిగి రావాలనుకోవడం జూదం.

అడ్డు ఉన్నా పూర్తి రక్షణ లేదు. పోరోస్ నుంచి ఇద్రా వెళ్లేటప్పుడు స్కిలి అనే కొస చుట్టి రావాలి. అక్కడ తూర్పు వైపు సముద్రం బార్లా తెరుచుకుని ఉంటుంది. సైక్లడీస్‌లో రేగిన అలల సెగ అక్కడ తగులుతుంది. సముద్రపు వికారం ఉన్నవాళ్లు పోరోస్‌లో తాడు విప్పడానికి గంట ముందే మాత్ర వేసుకోవాలి. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర అక్కరకి రాదు.

ఇద్రా రేవు ఎందుకంత ఇరుకు

ఇద్రా నీటి ఎద్దడి ఉన్న రాతి దీవి. నెపోలియన్ యుద్ధాల కాలంలో బ్రిటిష్ నౌకా దిగ్బంధాన్ని తప్పించుకుని సరుకులు చేరవేసి ఇక్కడి ఓడల యజమానులు బాగా గడించారు. 1821లో మొదలైన గ్రీకు స్వాతంత్ర్య యుద్ధానికి ఆ ఓడలే నౌకాదళం అయ్యాయి. నౌకాదళాన్ని నడిపిన అండ్రేయాస్ మియావులిస్ గుండెని భద్రపరిచిన వెండి పాత్ర రేవు పక్కనే ఉన్న చారిత్రక మ్యూజియంలో ఉంది. కొండ మీదికి మెట్లు మెట్లుగా పేర్చినట్టుండే బూడిదరంగు రాతి భవనాలు ఆ కాలపు సంపద. కానీ రేవు మాత్రం ఆనాటిదే. గుర్రపునాడా ఆకారంలో చిన్నది. ఇప్పుడు అందులోనే ఫెర్రీలు, వాటర్ టాక్సీలు, చేపల పడవలు, పిరియస్ నుంచి ఒక్కరోజు యాత్రకి వచ్చే పెద్ద పడవలు, వీటన్నిటి మధ్య అద్దె పడవలు.

గ్రీసులో పడవని గట్టుకి పక్కగా ఆనించి కట్టరు, చోటు చాలదు. ముందు లంగరు వేసి, వెనక్కి నడుపుతూ వచ్చి, అమరం (వెనక భాగం) గట్టు వైపు పెట్టి రెండు తాళ్లతో కడతారు. ముందు లంగరు లాగుతుంటుంది, వెనక తాళ్లు లాగుతుంటాయి, మధ్యలో పడవ బిగిసి నిలబడుతుంది. ఇద్రా రేవు ఇరుకు కాబట్టి ఎదురెదురు గట్ల పడవల గొలుసులు నడిమధ్యలో ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇక్కడ లంగరు చిక్కుకోవడం ఎవరి తెలివితక్కువతనమూ కాదు, ఆ రేవు ఆకారమే అంత.

పద్ధతి ఇది. రేవు బయటే తెరచాపలు దించేసి, ఇంజన్ మీదికి రావాలి. ఫెండర్లు (పడవకి దెబ్బ తగలకుండా కాచే గాలి దిండ్లు) రెండు పక్కలా వేలాడదీయాలి. వెనక తాళ్లు రెండూ క్లీట్‌కి (పడవ మీద తాడు కట్టే కొక్కేనికి) కట్టి, కంచె తీగలకి బయట నుంచి తిప్పి, విసరడానికి చుట్టి పెట్టుకోవాలి. లంగరు పిన్ను తీసి, దాన్ని నీటికి కాస్త పైన వేలాడేలా దించి, విండ్‌లాస్ (లంగరు గొలుసుని వదిలే, లాగే యంత్రం) పనిచేస్తుందో లేదో అక్కడే చూసుకోవాలి. చుక్కాని దగ్గర ఒకరు, లంగరు దగ్గర ఒకరు, వెనక తాళ్ల దగ్గర ఇద్దరు, చేతిలో ఒక ఫెండర్ పట్టుకుని ఎటు అవసరమైతే అటు పరిగెత్తడానికి ఒకరు. ముందుకీ వెనక్కీ మధ్య పన్నెండు మీటర్లు, పైగా ఇంజన్ చప్పుడు. కేకలు వినపడవు కాబట్టి చేతి సైగలు ముందే అనుకోవాలి.

గొలుసు ఎంత వదలాలి? లోతుకి పడవ ముక్కు ఎత్తు కలిపి నాలుగు నుంచి ఐదు రెట్లు. ఎనిమిది మీటర్ల లోతూ ఒక మీటరు ముక్కూ అయితే 36 నుంచి 45 మీటర్లు. దానికి పడవ పొడవు పన్నెండు, గట్టుకీ పడవకీ మధ్య ఖాళీ ఒకటిన్నర కలిపితే, లంగరు పడవలసిన చోటు గట్టుకి యాభై నుంచి అరవై మీటర్ల దూరంలో, అంటే నాలుగు పడవల పొడవు దాటి ఉంటుంది. కొత్తవాళ్లు దాదాపు అందరూ చాలా దగ్గరగా వేస్తారు. అప్పుడు గొలుసు నిటారుగా లాగి లంగరుని నేలలోంచి పెళ్లగిస్తుంది.

వెనక్కి వచ్చే వేగం దగ్గర ఇంకో చిక్కు. మామూలు విండ్‌లాస్ నిమిషానికి ముప్ఫై మీటర్ల గొలుసు వదులుతుంది, అంటే సుమారు ఒక నాటు వేగం. పడవ రెండు నాట్లతో వెనక్కి పోతే గొలుసు అందుకోలేదు. బిగుసుకుపోయి ముక్కుని ఆపేస్తుంది, పడవ పక్కకి తిరిగి పొరుగు పడవ మీద పడుతుంది. అలాగని మరీ నెమ్మదిగా పోతే చుక్కానికి పట్టు రాదు, పక్కగాలి ముక్కుని నెట్టేస్తుంది. గాలి లేనప్పుడు ఒక నాటుతో రావచ్చు. పక్కగాలి ఉంటే విండ్‌లాస్ క్లచ్ వదులు చేసి గొలుసుని దాని బరువుతోనే జారనివ్వాలి, రెండు నాట్లతో వెనక్కి రావాలి. రివర్స్ వేసిన మొదటి క్షణాల్లో ప్రొపెల్లర్ చాలా పడవల వెనక భాగాన్ని ఎడమకి లాగుతుంది. ముందే తెలిస్తే కాస్త కుడికి గురిపెట్టి మొదలుపెట్టవచ్చు. అలిమోస్ నుంచి బయలుదేరిన రోజే ఖాళీ నీళ్లలో రెండుసార్లు వెనక్కి నడిపి చూస్తే మీ పడవ గుణం తెలుస్తుంది.

గట్టు అందగానే గాలి వచ్చే వైపు తాడు ముందు కట్టాలి, రెండోది తర్వాత. ముందు రెండోది కడితే గాలి పడవని తిప్పేస్తుంది. రెండూ కట్టాక గొలుసు లాగి బిగించి, ఇంజన్ రివర్స్‌లో సగం బలంతో కొన్ని క్షణాలు నడిపి చూడాలి. పడవ గట్టు వైపు జరుగుతుంటే లంగరు పట్టలేదని అర్థం. పది మంది చూస్తున్నారని ఊరుకోకుండా విప్పి మళ్లీ వేయాలి. మధ్యాహ్నం రెండింటికి పడే మొహమాటం రాత్రి రెండింటికి పడే పాట్లకన్నా నయం.

గట్టుకి ఒకటిన్నర మీటరు ఖాళీ ఎందుకంటే, ఫెర్రీ వచ్చిన ప్రతిసారీ రేవులో నీళ్లు పొంగి పడవలన్నీ ముందుకీ వెనక్కీ ఊగుతాయి. చుక్కాని అంచు గట్టు కింది రాళ్లకి తగిలి విరగడం ఇలాగే జరుగుతుంది. ఎక్కడానికీ దిగడానికీ వేసే చెక్క వంతెనని పని అయ్యాక పైకి లేపి పెట్టాలి. రేవు తెరుచుకున్నది ఉత్తరం వైపు కాబట్టి, ఉత్తరపు గాలి గట్టిగా ఉన్న రాత్రి ఇక్కడ నిద్ర కష్టం.

వేసవిలో మధ్యాహ్నానికల్లా మొదటి వరుస నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లు మొదటి వరుస పడవల ముక్కులకే తాళ్లు కట్టుకుంటారు. ఒక్కోసారి మూడో వరుస కూడా తయారవుతుంది. ముందు వరుసవాళ్లు పొద్దున్నే వెళ్లాలంటే వెనకాల ఉన్నవాళ్లంతా కదలాలి. కాబట్టి కట్టే ముందే ‘రేపు ఎన్నింటికి బయలుదేరుతున్నారు?’ అని అడగడం అక్కడి మర్యాద. రాత్రి ఉన్నవాళ్లు వెళ్లిపోతూ, కొత్తవాళ్లు ఇంకా రాని సమయం ఉదయం పది నుంచి పన్నెండు మధ్య. చేరాల్సింది అప్పుడే.

లంగరు చిక్కుకుంటే

పైకి లాగుతుంటే విండ్‌లాస్ మూలిగి ఆగిపోతుంది. అక్కడ బటన్‌ని ఇంకా గట్టిగా నొక్కితే బ్రేకర్ (కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంది. బ్రేకర్ ఎక్కడుందో పడవ తీసుకున్న రోజే చూసి పెట్టుకోవాలి. విండ్‌లాస్ వాడినంతసేపూ ఇంజన్ నడుస్తూనే ఉండాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

నెమ్మదిగా కొంచెం కొంచెంగా లాగితే మన లంగరు మీద పక్కవాళ్ల గొలుసు వేలాడుతూ నీటి పైకి వస్తుంది. అప్పుడు ఒక తాడు ఆ గొలుసు కిందుగా పోనిచ్చి, రెండు కొసలూ పడవ ముక్కు దగ్గర క్లీట్‌కి గట్టిగా కట్టాలి. ఇప్పుడు పరాయి గొలుసు బరువు తాడు మీద ఉంది. మన లంగరుని అర మీటరో మీటరో దించితే అది గొలుసు కింది నుంచి జారి విడిపోతుంది. పడవని కాస్త వెనక్కి జరిపి, మన లంగరు పైకి తెచ్చేసి, చివరగా తాడు ఒక కొస వదిలేస్తే వాళ్ల గొలుసు నీళ్లలోకి వెళ్లిపోతుంది. వేళ్లు ఎక్కడా గొలుసుకీ పడవకీ మధ్య పెట్టకూడదు. మన లంగరు దించకుండా పరాయి గొలుసుని చేత్తో ఎత్తి తప్పించాలనుకునేవాళ్లు ఏటా వేళ్లు నలగ్గొట్టుకుంటుంటారు. పైగా ఆ గొలుసు ఎవరిదో వాళ్ల లంగరు మనం కదిపి ఉండవచ్చు, కేక వేసి చెప్పాలి.

రేవులో కట్టకుండానే

నిజం చెప్పాలంటే ఆగస్టులో ఇద్రా చూడ్డానికి ఇద్రా రేవులోనే కట్టనక్కర్లేదు. ఎదురుగా పెలొపొనీస్ తీరంలో ఎర్మియోని ఉంది. పొడవైన కొస మీద ఊరు, రెండు వైపులా గట్లు. గాలి ఎటున్నా ఏదో ఒక పక్క చాటు దొరుకుతుంది. పడవ అక్కడ కట్టి, ఫెర్రీలో ఇద్రా వెళ్లి రావచ్చు. మన పడవ గురించి దిగులు లేకుండా ఊరు చూడాలంటే ఇదే ఉత్తమం. ఇద్రా రేవుకి తూర్పున మంద్రాకి అనే చిన్న తీరపు వంపు ఉంది. అక్కడ లంగరు వేస్తే ఊరికి నడిచి పోవచ్చు. పడమటి వైపు డోకోస్ దీవి దాదాపు నిర్మానుష్యం. దాని పక్కన 1975లో బయటపడిన మునిగిన ఓడ సరుకు సుమారు 4,200 ఏళ్ల నాటిదని అంచనా. ఇలాంటి చోట్ల లంగరు వేసేటప్పుడు నీళ్లలో ముదురు మచ్చలు కనిపిస్తే అది సముద్రపు గడ్డి. దాని మీద లంగరు పట్టదు, పట్టినా గడ్డిని వేళ్లతో సహా పీకేస్తుంది. లేత రంగు ఇసుక చూసి వేయాలి.

ఊరు చూడ్డానికి నాలుగైదు గంటలు చాలు: మ్యూజియం, రేవుని కాచే పాత ఫిరంగులు, గట్టు వెంబడి పడమటగా కమిని దాకా నడక. ప్రొఫిటిస్ ఇలియాస్ మఠానికి కొండెక్కాలంటే పొద్దున్నే బయలుదేరాలి. తొమ్మిది దాటితే రాయి కాలుతుంది, దారిలో నీడ లేదు.

నీళ్లు, టాయిలెట్

నలభై అడుగుల పడవలో నీటి ట్యాంకు మూడు నుంచి ఐదు వందల లీటర్లు. మనిషికి రోజుకి పది లీటర్ల చొప్పున వాడితే ఆరుగురికి 400 లీటర్లు ఆరున్నర రోజులు వస్తాయి. ఇంట్లో లాగా కుళాయి తిప్పి వదిలేస్తే రెండు రోజులు. బియ్యం, గిన్నెలు మొదటి కడుగు సముద్రపు నీళ్లతో కానిచ్చేయవచ్చు, రేవులో నీళ్లతో మాత్రం వద్దు. టాయిలెట్ గొట్టం సన్నం. మనం తిన్నది తప్ప ఇంకేదీ, కాగితం ముక్క కూడా, అందులో పడకూడదు. అడ్డుపడితే దాన్ని విప్పాల్సింది మీరే. రేవులోనూ, ఈత కొట్టే తీరపు వంపుల్లోనూ టాయిలెట్ ట్యాంకు వాల్వు మూసి ఉంచాలి, తీరానికి బాగా దూరం వెళ్లాకే తెరవాలి.

తిరుగు ప్రయాణం వెనక నుంచి లెక్కపెట్టాలి

అద్దె వారం సాధారణంగా శనివారం సాయంత్రం ఐదింటికి మొదలై మరుసటి శనివారం ఉదయం తొమ్మిదింటికి ముగుస్తుంది. పడవ మాత్రం శుక్రవారం సాయంత్రానికే అలిమోస్‌లో ఉండాలి. మొదటి శనివారం సామాను లెక్క చూసుకోవడంతోనే సరిపోతుంది. కాబట్టి చేతిలో ఉన్నవి ఆరు రోజులు.

పోరోస్ నుంచి అలిమోస్‌కి ముప్ఫై నాటికల్ మైళ్ల లోపే. ఐదు నాట్లతో ఆరు గంటలు. ఉత్తరపు గాలి ఇరవై నాట్లుంటే పొట్టి అలలు ముక్కుని కొట్టి వేగం మూడు నాలుగుకి పడిపోతుంది, అప్పుడు ఎనిమిది తొమ్మిది గంటలు, అందరూ తడిసి ముద్ద. అందుకే గురువారం రాత్రికి ఎయినాలో గానీ, కనీసం పోరోస్‌లో గానీ ఉండాలి. గాలి సూచన చెడ్డగా ఉంటే ఇంకో రోజు ముందుగానే. ఎయినా నుంచి అలిమోస్ పదహారు పదిహేడు మైళ్లే. గురువారం మధ్యాహ్నం చేరితే క్రీస్తుపూర్వం 500 ప్రాంతంలో కట్టిన అఫాయా ఆలయం చూసి, రేవు పక్క బళ్లలో ఎయినా పిస్తాలు కొనుక్కునే తీరిక కూడా ఉంటుంది.

శుక్రవారం ఉదయం, గాలి లేవకముందే, ఆరింటికి లంగరు ఎత్తండి. డీజిల్ ట్యాంకు నింపి ఇవ్వాలి. ఇంజన్ గంటకి మూడు నుంచి ఐదు లీటర్లు తాగుతుంది కాబట్టి వారంలో ముప్ఫై గంటలు నడిపి ఉంటే నూట యాభై లీటర్ల దాకా పట్టొచ్చు. సాయంత్రం నాలుగు దాటితే అలిమోస్‌లో డీజిల్ కోసం వరుస కడతారు, ఆ వరుసలో పక్కగాలికి పడవని నిలబెట్టడం మళ్లీ ఒక పరీక్ష. మధ్యాహ్నం రెండు లోపే నింపించుకుని రసీదు దాచుకోవాలి. డైవర్ దిగి పడవ అడుగు, ప్రొపెల్లర్, చుక్కాని చూసి సరే అన్నాకే డిపాజిట్ వదులుతారు. వారంలో ఎక్కడైనా అడుగు తగిలిన అనుమానం ఉంటే అతను దిగేలోపే చెప్పేయండి. గీతా దెబ్బా అతనికి ఎలాగూ కనపడతాయి.